చల్లబడిన తర్వాతే కొలత

ఆత్మకూరు బస్టాండులో సాయంత్రం పూట పునుగులు వేగే వాసన వస్తే అందరికీ ఆకలేస్తుంది. నాకు మాత్రం లేతు మిషను గుర్తొస్తుంది. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. మొన్న పట్నంలో పెరిగే మా కొడుకు కూతురితో కలిసి బస్సు దిగి పునుగుల బండి దగ్గర నిలబడ్డాను. బాణలిలో వేరుశనగ నూనె కాగి పొగ లేచింది. అది ముక్కుకు తగలగానే, "మీ ముత్తాత దుకాణం వాసన వస్తా ఉండాదే" అన్నాను. పిల్ల నావంక వింతగా చూసి, "ముత్తాతది బజ్జీల అంగడా అవ్వా?" అని అడిగింది. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. బజ్జీల అంగడట! ఆత్మకూరు నుంచి ఉదయగిరి కొండ దాకా ఏ బావి మీద ఇంజను ఆగిపోయినా జనం వెతుక్కుంటూ వచ్చిన దుకాణం అది. మన ఇంట్లో పిల్లలకే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? అందుకే ఇది రాస్తున్నాను.

మా నాయన లేతు పనివాడు. లేతు అంటే ఇనుప కడ్డీని గిరగిరా తిప్పుతూ, పదునైన ఉలిని దానికి ఆనించి, కావలసినంత మేరకు చెక్కే మిషను. కుమ్మరి సారె మీద మట్టి తిరిగినట్టే అక్కడ ఇనుము తిరుగుతుంది. మట్టి చెప్పిన మాట వింటుంది. ఇనుము వినదు, వినిపించాలి. బోల్టులకు మరలు కోసేటప్పుడు ఇనుము కాలిపోకుండా నూనె పోస్తూ ఉండాలి. పట్నాల్లో ఆ పనికి వేరే నూనెలు ఉండేవట. మా నాయన వేరుశనగ నూనెలో కాస్త కిరసనాయిలు కలిపి, అడుగున చిల్లు పెట్టిన డబ్బాలో పోసి మిషను పైన వేలాడదీసేవాడు. అది బొట్టు బొట్టుగా పడి చుయ్యిమనేది. వీధంతా వడలు వేగుతున్న వాసన. కొత్తగా బడిలో చేరిన పిల్లలు దుకాణం ముందు ఆగి లోపలికి తొంగిచూసేవాళ్ళు. "వడలు వేగతా ఉండాయి, కూర్చోండి" అని నేను వాళ్ళను అరుగు మీద వరసగా కూర్చోబెట్టేదాన్ని. పాపం, నోట్లో నీళ్ళూరుతూ కూర్చునేవాళ్ళు. నాయన చూసి నా నెత్తిన ఒకటి మొట్టి, తలా ఒక ఇత్తడి తురుము చుట్ట ఇచ్చి పంపేవాడు.

ఆ తురుము సంగతి కూడా చెప్పాలి. ఉలి తగిలినప్పుడు ఇత్తడి పొడిపొడిగా రాలుతుంది గానీ, కొన్ని రకాలు మాత్రం తీగలా చుట్టలు చుట్టుకుని పడతాయి. బంగారంలా మెరిసేవి. వాటిని చెవులకు తగిలించుకుని జుంకాలనేదాన్ని. వేళ్ళు తెగేవి. తెగిన చోట నాయన కిరసనాయిలు పూసేవాడు, నేను వీధి అదిరేలా అరిచేదాన్ని, అవ్వ ఇంట్లోంచి మా ఇద్దరినీ కలిపి తిట్టేది.

అవ్వంటే నాయన వాళ్ళ అమ్మ. మా అమ్మ నా పసితనంలోనే పోయింది, నన్ను పెంచింది అవ్వే. దుకాణం ముందు, ఇల్లు వెనక. అవ్వ పొయ్యి మీద సోమశిల చేపలతో మామిడికాయ పులుసు కాగుతుంటే, ఆ వాసనా కిరసనాయిలు వాసనా కలిసి మా ఇంటి గాలి ఒకరకంగా ఉండేది. "సంకటి ముద్ద పట్టుకున్నా నీ చెయ్యి దీపంబుడ్డి వాసనే కొడతాది గదే! రేపు నిన్ను చేసుకునేవాడు ముక్కు మూసుకుని తాళి కట్టాల్నేమో" అనేది అవ్వ. "మూసుకుంటే మూసుకోనీలే, ముక్కు వాడిదే గదా" అనేదాన్ని నేను. మాటకు మాట అంటించడంలో నాకెప్పుడూ లోటు లేదు.

లేతు నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. నడక నేర్చినప్పటి నుంచి దాని పక్కనే తిరిగాను కాబట్టి వచ్చేసింది. పదో తరగతి పరీక్షలు రాసిన ఆ వేసవి నాటికి బోల్టులు, వాషర్లు, చిన్న చిన్న పుల్లీలు నేనే చేసేదాన్ని. జడ పైకి చుట్టి నాయన తువ్వాలు బిగించి కట్టుకుని, ఓణీ తీసేసి నాయన పాత చొక్కా తొడుక్కునేదాన్ని. గిరాకీ మనిషి గడప దగ్గర కనబడితే మాత్రం నాయన నన్ను పక్కకు జరిపి తాను నిలబడేవాడు. "ఆడపిల్ల చేసిందని తెలిస్తే ముక్కను తిరగేసి మరగేసి చూస్తారు పాపా. లేని వంక పెడతారు" అనేవాడు. నేను చేసిన బోల్టును మెచ్చుకుంటూ వాళ్ళు నాయనకు దండం పెట్టి పోయేవాళ్ళు. నాకు కడుపు రగిలిపోయేది.

నాయనకు పనిలో ఒక పట్టింపు ఉండేది. చెక్కుతున్న ముక్క వేడెక్కుతుంది. వేడెక్కితే ఉబ్బుతుంది, చల్లబడితే కుంచించుకుంటుంది. ఆ ఉబ్బు కంటికి కనబడదు, వెంట్రుకలో సగం ఉంటుందేమో. కానీ కొలత అబద్ధం చెబుతుంది. అందుకని ఆఖరి కొలతకు ముందు మిషను ఆపేసి, కుండ దగ్గరికి పోయి నీళ్ళు తాగి, వక్క ముక్క నోట్లో వేసుకుని, అది నమలడం అయ్యాకే మందం కొలిచే మైక్రోమీటరు చేతిలోకి తీసుకునేవాడు. "అది చల్లబడిందాకా నువ్వు గూడా చల్లబడు" అనేవాడు నాతో. గిరాకీ వాళ్ళు తొందరపెట్టినా వక్క నమలడం మానేవాడు కాదు. మా పక్క అంగడి వాళ్ళు నవ్వుకునేవాళ్ళు, ఈయన ఇనుము చెక్కుతాడో వక్కలే నములుతాడో తెలియదని.

ఆ వేసవి రోహిణి కార్తెలో, రోళ్ళు పగిలే ఎండలో, ఒకరోజు పొద్దున్నే మా మేనత్త వచ్చింది. నాయనకు ఒక్కతే చెల్లెలు. ఉదయగిరి కొండ కింద ఆమెకు నిమ్మతోట ఉంది. మామ లారీ తోలేవాడు, దూరాల లోడ్లకు పోయి ఎప్పుడో వచ్చేవాడు. ఆ తోట అత్త సొంత కష్టం. మొక్కలుగా ఉన్నప్పుడు బావి నుంచి కడవలతో మోసి పోసింది. చెట్టుకొక పేరు పెట్టుకుని పిలిచేది, మేం ఎగతాళి చేసేవాళ్ళం. ఆ ఏడు తోట మొదటిసారి నిండుగా కాపు పట్టింది. అత్త భుజాన గోనెసంచి మోసుకొచ్చి దుకాణం నడిమధ్యలో దించి, దాని పక్కనే కూలబడింది.

"ఇంజను ఆగిపోయిందన్నా" అంది. "ఆకులు ముడుచుకునినాయి. పిందెలు రాలతా ఉండాయి. ఇంకొన్ని రోజులు నీళ్ళు లేకపోతే చెట్లకు చెట్లే పోతాయి."

నాయన సంచి విప్పాడు. లోపల ఇంజను రాడ్డు ఉంది. ఆ రాడ్డు పైకొసన కన్నులో ఒక బుష్షు ఉంటుంది. చూడటానికి మందపాటి గాజులా ఉంటుంది, అంతే. బయటివైపు అది కన్నుకు బిర్రుగా పట్టి కదలకుండా కూర్చోవాలి, లోపలివైపు పిన్ను నున్నగా తిరగాలి. అత్త తెచ్చిన బుష్షు అరిగి, పగిలి, రెండు ముక్కలై ఉంది. ఆ ఇంజను చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. అత్త అప్పటికే నెల్లూరు అంగళ్ళన్నీ తిరిగి వచ్చింది. మద్రాసు నుంచి తెప్పించాలి, ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారట.

"నెల్లూరు ఎందుకు పోయినావే, నేను చచ్చినానా?" అన్నాడు నాయన కోపంగా. అని వెంటనే పనిలోకి దిగాడు.

దుకాణంలో బుష్షుకు సరిపడే గన్‌మెటల్ ముక్క ఒక్కటే ఉంది. రాగి, తగరం కలిసిన లోహం అది, ఇత్తడి కంటే గట్టిది. నాయన దాన్ని మిషనుకు బిగించాడు. అత్త అదే చోట కూర్చుని, ఏడుస్తూ ఒక్కో చెట్టు సంగతీ చెబుతోంది. బావి గట్టున ఉండేది ఎట్లా వాడిపోయిందీ, దారి పక్కది ఎట్లా తలవాల్చిందీ. రేకుల షెడ్డు. పైన ఎండ నిప్పులు చెరుగుతోంది. నాయన చెమటలు తుడుచుకోవడం కూడా మానేసి తిప్పుతున్నాడు. చివరి కొలతకు వచ్చాడు. కుండ వైపు చూశాడు. చెల్లెలి వైపు చూశాడు. కుండ దగ్గరికి పోలేదు. అక్కడికక్కడే కొలిచి, సరిపోయిందని కోసి తీసేశాడు.

నేను ఆయన పక్కనే ఉన్నాను. నోరు తెరవబోయాను గానీ, నాయనకు చెప్పేంతదాన్నా అనిపించింది.

అందరం అన్నాలు తిన్నాం. అత్త రెండు ముద్దలు మింగి లేచిపోయింది. ఎండ తగ్గాక నాయన బుష్షును తీసుకుని రాడ్డు కన్నులో పెట్టాడు. బిగింపు పనిముట్టు తిప్పి బలవంతాన దూర్చవలసిన ముక్క అది. బొటనవేలితో నొక్కితే దూరిపోయింది! మళ్ళీ వేలితో నెడితే అవతలికి వచ్చేసింది. నాయన దాన్ని అరచేతిలో పెట్టుకుని ఎంతసేపో చూశాడు.

అప్పుడు మా షెడ్డు పక్కన కళాయి సాయిబు ఉన్నాడు. అనుమసముద్రంపేట మనిషి. ఊరూరా తిరుగుతూ ఇత్తడి గిన్నెలకు లోపల తెల్లగా కళాయి పూసేవాడు. ఆత్మకూరు వస్తే మా షెడ్డు పక్కనే కొలిమి పెట్టుకునేవాడు. నాయనకు చిన్ననాటి స్నేహితుడు. ఆయన వచ్చి బుష్షు చూసి, "ఏముంది భాయ్, పైన ఉలితో నాలుగు గాట్లు కొట్టు. అంచులు లేస్తాయి, బిగుసుకుంటాది. అందరూ చేసేదే గదా" అన్నాడు.

"అట్లే చెయ్యన్నా, నీకు పుణ్యముంటాది" అంది అత్త.

"చెయ్యను" అన్నాడు నాయన.

"ఎందుకు చెయ్యవు?"

"గాట్లు అరిగిపోతాయి. మళ్ళా వదులైతాది. ఇంజను దడదడా కొట్టుకుని రాడ్డు ఇరుగుతాది. బుష్షంటే నేను చేస్తా, రాడ్డు ఇరిగితే ఎవురు చేస్తారే? అప్పుడు నీ తోట నిజంగానే పోతాది." నాయన గొంతు తగ్గించాడు. "తప్పు నాది. వేడి మీద కొలిచినా. నిన్ను చూసి తొందరపడినా."

అత్త తల పట్టుకుంది. ఆ లోహం ముక్క ఇంకొకటి లేదు. ఆత్మకూరులో ఎవరి దగ్గరా లేదు. పాడైన బుష్షునే కరిగించి మళ్ళీ పోత పోయవచ్చు గానీ, కరిగిస్తే తరుగు పోతుంది. ఇంకాస్త రాగి, ఇంకాస్త కంచు కావాలి. అవ్వ గడపలో నిలబడి అంతా వింటోంది. లోపలికి పోయి తన కంచు కంచం, నీళ్ళు తాగే రాగి చెంబు తెచ్చి నాయన ముందు ఠంగుమని పెట్టింది. ఆ కంచంలో తప్ప ఆమె అన్నం తినేది కాదు. మా తాత తిన్న కంచం అది.

"వద్దులే అమ్మా" అన్నాడు నాయన.

"నోర్ముయ్. కూతురి తోట ఎండిపోతా ఉంటే కంచం పెట్టుకుని నేనేం నాక్కుంటానా? నాకు విస్తరాకు చాలదా?" అంది అవ్వ.

పొద్దు వాలుతుండగా పెరట్లో కొలిమి ముట్టించారు. సాయిబు తిత్తి ఊదుతున్నాడు. నేను మిషను కింద రాలిన తురుమంతా ఊడ్చి తెచ్చి, అందులో ఇనుప రజను లేకుండా అయస్కాంతంతో ఏరేశాను. ఒక్క ఇనుప పలుకు కలిసినా ఉలి అక్కడ గెంతుతుంది. అవ్వ కంచం లోహం కరిగించే మూసలో కూర్చుని, ముందు ఎర్రబడి, అంచులు వంగి, తర్వాత నీళ్ళలా అయిపోయింది. మంట ఆకుపచ్చగా లేచింది. అవ్వ చూసీ చూడనట్టు బియ్యం ఏరుతోంది. ఇసుక అచ్చులో పోత పోసేసరికి నాయన, సాయిబు ఇద్దరూ బొగ్గుల్లా ఉన్నారు. ఆ రాత్రి అందరం ఉలవచారు పోసుకుని తిన్నాం, అవ్వ విస్తరాకులో తింది. ఉలవచారు ఆకులోంచి కారిపోతుంటే, "ఇదేందిరా, ఇది తిండా, పరుగు పందెమా" అని విసుక్కుంది. ఆ రోజుకు మొదటిసారి అత్త నవ్వింది.

మర్నాడు పొద్దున్నే నాయన పోత ముక్కను మిషనుకు బిగించాడు. పైన గరుకు పొర చెక్కాడు. లోపల లోహం ఎర్రగా, బుడగలు లేకుండా బిగువుగా కనబడింది. మంచి పోత. అత్త నిన్నటి చోటే కూర్చుంది. మళ్ళీ మొదలుపెట్టింది, రాత్రి గాలికి ఎన్ని పిందెలు రాలి ఉంటాయో అని. నాయన ఉలిని ఆనించాడు. ఆగాడు. మిషను ఆపేశాడు. తన చేతివంక చూసుకున్నాడు.

"పాపా, నువ్వు రా" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అత్తకు ముందే అర్థమైంది.

"దాన్నెందుకు పిలస్తావు?"

"ఈ ముక్క అది తిప్పుతాది."

"ఏందన్నా, నీకు తమాషాగా ఉండాదా? మన అమ్మ కంచం కరిగించి చేసిన ముక్క. ఇది పోతే ఇంకోటి లేదు. ఆడపిల్ల చేతిలో పెడతావా? అది ఆటలాడుకునే పిల్ల!"

"నువ్వు నా చెల్లెలివి. నువ్వు ఆడ కూర్చుని ఏడస్తా ఉంటే నా చెయ్యి నా మాట ఇనదు. నిన్న గూడా ఇనలా."

"దానికి మాత్రం నేను పరాయిదాన్నా? నేను దాని మేనత్తను గాదా?"

"అవును. కానీ అది నా మాటే ఇనదు. ఇంక నీ మాట ఇంటాదా?" అన్నాడు నాయన.

సాయిబు అవతల పకపకా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అప్పటిదాకా, ఒక్కసారి పెద్ద పని నా చేతికిస్తే చూపిస్తానని ఎన్నిసార్లు అనుకున్నానో. ఇచ్చాక చేతులు చల్లబడ్డాయి. తువ్వాలు బిగించి కట్టుకుని మిషను ముందు నిలబడ్డాను. నాయన నా పక్కన నిలబడలేదు. పోయి సాయిబు కొలిమి దగ్గర కూర్చున్నాడు.

మిషను తిరిగింది. మొదటి చెక్కు తీసేసరికి భయం పోయింది. ఉలి సరిగ్గా పదునుంటే ఆ లోహం ఒక సన్నటి పాట పాడుతుంది, పదును తగ్గితే గొణుగుతుంది. నేను పాట వింటూ పోయాను. గొణిగినప్పుడు ఆగి, ఉలిని రాతి మీద నూరి, మళ్ళీ మొదలుపెట్టాను. అత్త ఏదో అంటూనే ఉంది, నాకు సగం వినబడలేదు. లోపలి రంధ్రం అయింది. బయటి వైపు చివరి చెక్కు మిగిలింది. వేలితో తాకాను. వేడిగా ఉంది. మిషను ఆపేసి వచ్చేశాను.

"అయిపోయిందా?" అని అత్త లేచింది.

"లేదత్తా. చల్లబడాల."

కుండలో నీళ్ళు తాగాను. నాయన లాగా వక్క నమలడం నాకు చేతకాదు. అవ్వ పులుసుకని పెట్టుకున్న పచ్చి మామిడికాయ ఒకటి తీసుకుని, ముక్కలు కోసి, ఉప్పూ కారం అద్దుకుని అరుగు మీద కూర్చుని తినడం మొదలుపెట్టాను. అత్త నన్ను కొడుతుందనే అనుకున్నాను.

"నా చెట్లు చస్తా ఉంటే మామిడికాయ తింటా ఉండావటే! అన్నా, చూడు నీ కూతురి తెగువ!"

నాయన తల ఎత్తలేదు. అత్త విసవిసా మిషను దగ్గరికి పోయి ముక్కను ముట్టుకుంది.

"ఇదిగో, చల్లగానే ఉండాది. లెయ్!"

"నీ చేతికి చల్లగా ఉండాదత్తా. కొలతకు చల్లగా లేదు."

"మధ్యాహ్నం బస్సు పోతాది గదే!"

"పోతే ఇంకో బస్సు వస్తాది. ఇంకో కంచం రాదు" అన్నాను.

అవ్వ గడపలోంచి, "అట్లా పెట్టమ్మా గడ్డి!" అంది. అత్త పోయి తన చోట కూర్చుంది. నిజం చెప్పొద్దూ, మామిడికాయ రుచి నాకేమీ తెలియలేదు. నాలుక ఎండిపోయి ఉంది. అత్త కళ్ళల్లోకి చూస్తే లేచిపోతానని భయమేసి, ముక్కల వంకే చూస్తూ తిన్నాను. అయినా లేవలేదు. ఆ లేవకపోవడమే నేను చేసిన అసలు పని అని ఇప్పటికీ అనుకుంటాను.

మామిడికాయ టెంక దాకా అయ్యాక చెయ్యి కడుక్కుని పోయి కొలిచాను. ఇంకా ఒక సన్న పొర తీయాలి. తీశాను. మళ్ళీ ఆగాను. మళ్ళీ కొలిచాను. అప్పుడు కోసి తీసి నాయన చేతిలో పెట్టాను. నాయన దాన్ని రాడ్డు కన్ను మీద పెట్టి బొటనవేలితో నొక్కాడు. దూరలేదు. రెండు బొటనవేళ్ళతో ఒళ్ళంతా బలం పెట్టి నొక్కాడు. కదలలేదు. బిగింపులో పెట్టి మర తిప్పితే, కీచుమని అరుస్తూ, మెల్లమెల్లగా లోపలికి పోయి కూర్చుంది. లోపల పిన్ను దూర్చి వేలితో తిప్పాడు. నూనెలో తిరిగినట్టు తిరిగింది. నాయన నా తల మీద తువ్వాలు పైనుంచే చెయ్యి పెట్టి ఒక్కసారి గట్టిగా ఊపాడు. మా నాయన మెప్పు అదే. అంతకంటే ఆయనకు రాదు.

నాయన, అత్త, నేను ముగ్గురం బస్సెక్కాం. రాడ్డును నేను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. వింజమూరులో బస్సు ఆగినప్పుడు అత్త దిగి నాకు గోలీసోడా తెచ్చి ఇచ్చింది. ఇంకా అలకతోనే ఇచ్చింది, ముఖం పక్కకు తిప్పుకుని. ఉదయగిరిలో దిగి తోటకు నడిచేటప్పుడు చెట్లను చూసి నాకే ఏడుపొచ్చింది. ఆకులన్నీ దొప్పల్లా ముడుచుకున్నాయి. కింద ఎండిన పిందెలు కాళ్ళకు గుచ్చుకుంటున్నాయి.

నాయనా నేనూ కలిసి ఇంజను బిగించాం. పక్క చేలవాళ్ళు వచ్చి బావి చుట్టూ నిలబడ్డారు. నాయన పిడి పట్టుకుని తిప్పాడు. ఇంజను ఒకసారి దగ్గింది, రెండోసారి నల్లటి పొగ వదిలింది, ఆ తర్వాత డుగ్ డుగ్ డుగ్ అని అందుకుంది. నేను చెవి ఒగ్గి విన్నాను. దడదడ లేదు. ఎక్కడా తప్పుడు చప్పుడు లేదు. గొట్టం నుంచి ముందు గాలి, తర్వాత బురద, తర్వాత నీళ్ళు. అత్త పార తీసుకుని నీళ్ళకంటే ముందు కాలవ వెంట పరిగెత్తింది. ఒక్కో చెట్టు పాదు దగ్గరా ఆగి, "తాగు, తాగు" అంటోంది. ఎగతాళి చేయడానికి ఆ రోజు ఎవరికీ నోరు రాలేదు.

నాయన మాత్రం ఇంజనుకు వీపు పెట్టి, కొండవైపు తిరిగి గట్టు మీద కూర్చుని వక్క నములుతున్నాడు. ఇంజను అందుకున్నప్పటి నుంచి ఆయన దాన్ని ఒక్కసారి కూడా చెవి పెట్టి వినలేదు. అత్త కేకేసింది.

"ఏందన్నా, ఇటు రాగూడదా? ఒకసారి చూడగూడదా, బాగా నడస్తా ఉండాదో లేదో?"

"పాప చేసినాక నేను చూసేదేముండాది?" అన్నాడు.

ఆ మాట వినగానే నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఎండ కంట్లో పడిందని చెప్పాను. ఎవరూ నమ్మలేదు.

పక్క చేను రైతు ఒకాయన అత్తను అడిగాడు, "బుష్షు మీ అన్న చేసినాడామ్మా?" అని. అత్త నడుముకు కొంగు దోపుకుని, బురద చేతులతో నా రెండు చేతులూ పట్టుకుని అందరికీ వినబడేలా చెప్పింది.

"మా అన్న ఒకటి చేసినాడు. పనికిరాలా. ఇది మా పాప చేసింది! దాన్ని నేను ఎన్ని తిట్లు తిట్టినానో, అయినా తొందరపడలా. నా తోట నిలబెట్టింది."

గట్టు మీద నాయన భుజాలు ఎగిరెగిరి పడేలా నవ్వుతున్నాడు.

ఆ రైతు నోటివెంట ఆ మాట ఎన్ని ఊళ్ళు తిరిగిందో తెలియదు. ఇప్పుడు ఆ డుగ్ డుగ్ చప్పుళ్ళు లేవు. ఇంజన్లు పాత ఇనుము కింద పోయాయి, నీళ్ళను బోర్లలో మోటార్లు తోడుతున్నాయి. కళాయి పూయించుకునే గిన్నెలు లేవు, సాయిబు లేడు. అవ్వ, నాయన, అత్త ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయారు. మా షెడ్డులో ఇప్పుడు మా కూతురు కంప్యూటరు మిషను పెట్టింది. కొలతలు దానికే తెలుసు, చల్లబరిచే నీళ్ళు అదే పోసుకుంటుంది. మంచి మిషనే, నేనేం తక్కువ చేసి మాట్లాడను. నేను ఇంత వయసు వచ్చేదాకా ఎన్ని వేల ముక్కలు తిప్పానో, ఎన్ని ఊళ్ళకు పోయి ఎన్ని ఇంజన్లు బిగించానో. ఆడదానివి కదా అన్నవాళ్ళను ఎందరినో అరుగు మీద కూర్చోబెట్టి, చల్లబడిందాకా ఉండమన్నాను. ముక్కలూ చల్లబడ్డాయి, వాళ్ళూ చల్లబడ్డారు.

కానీ నాకు అన్నిటికంటే గొప్పగా గుర్తున్నది ఆ తర్వాతి సంవత్సరాలే. ఉదయగిరి వైపు నుంచి ఎవరైనా రాడ్డో షాఫ్టో భుజాన వేసుకుని మా గడప ముందు ఆగేవాళ్ళు. నాయన లేచి ఎదురుపోయేవాడు. వాళ్ళు ఆయన భుజం మీదుగా లోపలికి చూసి, "పాప లేదా?" అనేవాళ్ళు. "నేనుండా గదా, ఇటియ్యండి" అనేవాడు నాయన. వాళ్ళు దాన్ని అటు పక్కకు జరుపుకుని, "పర్లేదులే పెద్దాయనా, పాప వచ్చిందాకా కూర్చుంటాం" అనేవాళ్ళు. ఇంకొకరైతే ఆ మాటకు చిన్నబుచ్చుకునేవాళ్ళు. మా నాయన మాత్రం చేతులు కూడా కడుక్కోకుండా ఇంట్లోకి పరిగెత్తుకొచ్చి, పొయ్యి ముందున్న అవ్వ భుజం పట్టుకుని ఊపేసేవాడు.

"అమ్మా, ఇయ్యాళ గూడా ఒకడు నన్ను వద్దన్నాడే!"